కాయిల్ ఒకటే, పవర్‌కి దారులు రెండు

చిప్‌ల మీద సన్నని గాడులు చెక్కే ప్లాస్మా (కరెంటు పారేలా ఎలక్ట్రాన్లు విడివడిన వాయువు) రియాక్టర్ల గురించి పేటెంట్ తగాదా వస్తే, ఒక పక్షం ఇలా వాదించవచ్చు: "మా మెషీన్‌లో కాయిల్ ఉన్నమాట నిజమే, కానీ పవర్ వెళ్లేది ఇండక్టివ్‌గా కాదు, కెపాసిటివ్‌గా." ఇండక్టివ్ అంటే కాయిల్ పుట్టించే మారే అయస్కాంత క్షేత్రం ద్వారా, కెపాసిటివ్ అంటే కాయిల్ మీది వోల్టేజీ ద్వారా పవర్ ప్లాస్మాకు చేరడం. ఇది లాయర్ల మాటల గారడీ కాదు. శాస్త్రవేత్తలు కూడా దశాబ్దాల పాటు తేల్చుకోలేకపోయిన ప్రశ్న ఇది.

1884లో హిట్టార్ఫ్ గాలి తీసేసిన గొట్టం చుట్టూ తీగ చుట్టి, లోపల ఎలక్ట్రోడ్ ఏదీ లేకుండానే వెలుగు పుట్టించాడు. మారుతున్న అయస్కాంత క్షేత్రమే దీనికి కారణమన్నాడు జె.జె. థామ్సన్. కాదు, కాయిల్ కొసల మధ్య ఉన్న వోల్టేజీదే ఆ పని అన్నారు 1928లో టౌన్సెండ్, డొనాల్డ్‌సన్. రెండూ నిజమేనని, తక్కువ పవర్‌లో వోల్టేజీదీ ఎక్కువ పవర్‌లో అయస్కాంత క్షేత్రానిదీ పైచేయి అని మరుసటి ఏడాది మెకిన్నన్ తేల్చాడు.

లెక్క వేసి చూస్తే ఇది ఎంత బాగుంటుందో! నాలుగు చుట్ల కాయిల్, ఇండక్టెన్స్ ఒక మైక్రోహెన్రీ అనుకుందాం. ఈ రంగంలో మామూలుగా వాడే 13.56 మెగాహెర్ట్జ్ దగ్గర దాని రియాక్టెన్స్, అంటే మారే కరెంటుకు అది పెట్టే అడ్డు, సుమారు 85 ఓమ్‌లు. 20 ఆంపియర్లు పంపితే కొసల మధ్య 1,700 వోల్టులు. లోపలి ప్లాస్మా ట్రాన్స్‌ఫార్మర్‌లో పవర్ అందుకునే వైపు ఉండే ఒంటి చుట్టు కాయిల్ (సెకండరీ) లాంటిది. కాబట్టి దానికి అందేది మహా అయితే అందులో నాలుగో వంతు, 425 వోల్టులు. అదీ వలయం పొడవునా పంచుకుపోతుంది. అందుకే మొదట గెలిచేది కెపాసిటివ్ దారి. ఘన సెంటీమీటరుకు వెయ్యి కోట్ల ఎలక్ట్రాన్లు కూడా ఉండీ లేనట్టుగా, మసక వెలుగు. పవర్ పెంచుతూ పోతే ఒక దశలో ప్లాస్మా వలయంలో కరెంటు అందుకుంటుంది, వెలుగు ఒక్కసారిగా భగ్గుమంటుంది, ఎలక్ట్రాన్లు పదుల రెట్లు పెరుగుతాయి.

అసలు చిక్కు ఇక్కడుంది. పవర్ తగ్గిస్తూ వస్తే ప్లాస్మా ఇండక్టివ్ దారికి ఎక్కిన పవర్ దగ్గరే దిగదు, ఇంకా తక్కువ పవర్ దగ్గర దిగుతుంది. అంటే ఆ రెండు హద్దుల మధ్య అదే మెషీన్, అదే వాయువు, అదే పవర్ పెట్టినా, కింది నుంచి వచ్చామా పై నుంచి వచ్చామా అన్నదాన్ని బట్టి కప్లింగ్ (పవర్ ప్లాస్మాకు చేరే తీరు) మారిపోతుంది! పాఠ్యపుస్తకాల్లో కెపాసిటివ్ దారికి పలకల బొమ్మ ఒక పేజీలో, ఇండక్టివ్ దారికి కాయిల్ బొమ్మ ఇంకో పేజీలో విడివిడిగా వేస్తారు. ఈ గెంతును క్లాసులో చూపిస్తే పిల్లలు ఎప్పటికీ మర్చిపోరు.

అమెరికాలో 1996 నాటి మార్క్‌మన్ తీర్పు ప్రకారం పేటెంట్ క్లెయిమ్‌లోని (హక్కు ఎంతవరకో చెప్పే వాక్యంలోని) మాటలకు అర్థం చెప్పాల్సింది జడ్జి. "ఇండక్టివ్ కప్లింగ్ కలిగి ఉన్న" అని రాసి ఊరుకుంటే, పక్కన కాస్త కెపాసిటివ్ కూడా ఉందన్న వాదన మెషీన్‌ని కాపాడకపోవచ్చు. "ప్రధానంగా" అని రాస్తే మాత్రం ఎంత శాతమో, ఏ పవర్ దగ్గరో కొలిచి చూపాలి. కాయిల్‌కీ క్వార్ట్జ్ గోడకీ మధ్య చీలికలున్న లోహపు రేకు పెడితే వోల్టేజీ దారి చాలావరకు మూసుకుపోతుంది, అయస్కాంత దారి తెరిచే ఉంటుంది. ఆ రేకును ఫారడే షీల్డ్ అంటారు. అప్పుడూ ప్లాస్మా నిలబడితే అది ఇండక్టివే. కానీ ఆ రేకు ఉంటే ప్లాస్మాను మొదట వెలిగించడమే కష్టం. వెలిగించడానికి కావలసింది ఆ మూసేసిన కెపాసిటివ్ దారే.