దండగ మాస్క్

ఫోటోలో ఒక్క చుక్క రంగును కంప్యూటర్ తరచూ 32 బిట్లలో దాచుకుంటుంది. పై 8 బిట్లు పారదర్శకతకు, ఆ తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకు తలా 8. ఎరుపు కావాలంటే ఆ సంఖ్యను 16 గడులు కుడికి జరిపి, 255తో ఆండ్ చేస్తాం: రెండు సంఖ్యల్లోనూ 1 ఉన్నచోటే 1 మిగిలే లెక్క అది, 255 అంటే కింది 8 బిట్లూ 1లే. జరపడం షిఫ్ట్, అక్కర్లేని బిట్ల మీద సున్నాలు కప్పడం మాస్క్. పారదర్శకతకూ చెయ్యి అలవాటుగా అదే రాస్తుంది: 24 గడులు జరుపు, 255తో ఆండ్ చెయ్యి.

ఈ రెండోచోట ఆండ్ దండగ. 32లో 24 జరిగిపోయాక మిగిలేవి 8 బిట్లే, పైనంతా సున్నాలే. మనం రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలర్ దాన్ని చడీచప్పుడు లేకుండా పీకేస్తుంది. ఒక్క ఆజ్ఞే కదా అనిపిస్తుంది గానీ, 12 మెగాపిక్సెల్ ఫోటోలో అది 1.2 కోట్ల సార్లు నడుస్తుంది.

సంగతి కంపైలర్‌కెలా తెలిసింది? పద్దు రాసుకుంటుంది. ప్రతి బిట్‌కూ మూడే మాటలు: ఖాయంగా 0, ఖాయంగా 1, తెలియదు. ఎల్ఎల్‌విఎమ్ అనే కంపైలర్ వ్యవస్థలో ఈ పద్దు పేరు నోన్‌బిట్స్.

మడతపేచీ ప్లస్, మైనస్ గుర్తు ఉండే సంఖ్యలతో వస్తుంది. వాటిని కుడికి జరిపితే ఖాళీ గడుల్లోకి సున్నాలు రావు, అన్నిటికన్నా పైనుండే గుర్తు బిట్ నకళ్లు వస్తాయి. పారదర్శకత 200 అయితే చేతికొచ్చేది -56! ఇక్కడ మాస్క్ తీసేస్తే కొంప మునుగుతుంది. అయినా కంపైలర్ ఊరుకోదు. మాస్క్ దాటి బయటికొచ్చేవి కింది 8 బిట్లే గనక, ముందు షిఫ్ట్‌ను సున్నాలు నింపే రకానికి మార్చి, అప్పుడు మాస్క్‌ను తీసేస్తుంది. నాకు బాగా నచ్చే ఎత్తు ఇదే.

ఇంకోటి: 3 గడులు కుడికి, మళ్లీ 3 గడులు ఎడమకి. 4729లో చివరి రెండంకెలు కొట్టేసి 47 చేసి, రెండు సున్నాలు తగిలించి 4700 చేసినట్టు. ఆ మాత్రానికి రెండు జరపడాలెందుకు, చివరి మూడు బిట్ల మీద సున్నాలు కప్పితే పోలా?

ఇలాంటి సూత్రాలు ఎల్ఎల్‌విఎమ్‌లో ఇన్‌స్ట్‌కంబైన్ అనే దశలో గుట్టలుగా ఉన్నాయి. 2015లో అలైవ్ అనే పనిముట్టుతో పరిశోధకులు 334 సూత్రాలను గణితపరంగా పరీక్షిస్తే 8 తప్పని తేలాయి. ఆరు గుణకార భాగహారాలవి, రెండు కూడిక తీసివేతలవి. షిఫ్ట్‌లలో, ఆండ్‌లలో ఒక్కటీ దొరకలేదు.