ఫ్లీస్ వెస్ట్: వెచ్చదనం ఎక్కడుంది?

ఆరుబయట తిరగడానికి ఫ్లీస్ వెస్ట్, అంటే నూగు లేచిన పాలిస్టర్ బట్టతో కుట్టిన చేతుల్లేని కోటు, కొనేవారు చాలామంది దాన్ని చేత్తో నిమిరి, మెత్తగా, మందంగా ఉంటే వెచ్చగా ఉంటుందని నమ్ముతారు. నిజానికి చలిని ఆపేది దారం కాదు, దాని నూగులో కదలలేక చిక్కుకుపోయిన గాలి. నిశ్చలమైన గాలి ఉష్ణవాహకత, అంటే వేడిని తన గుండా పోనిచ్చే గుణం, మీటరుకు, కెల్విన్‌కు సుమారు 0.025 వాట్లు, పాలిస్టర్‌ది దానికి ఎన్నో రెట్లు, నీటిది ఇరవై రెట్లకు పైన. కాబట్టి నూగు అణిగినా, తడిసినా వెచ్చదనం తగ్గుతుంది.

ఈ బట్టను తయారుచేసేటప్పుడు పాలిస్టర్ దారాన్ని ఉచ్చులుగా అల్లి, సన్నని తీగ మొనలున్న రోలర్ల మీదుగా నడిపిస్తారు. ఆ మొనలు ఉచ్చులను పైకి లాగి చెదరగొడితే నూగు లేస్తుంది, ఆ తరువాత దాన్ని కత్తిరించి సమం చేస్తారు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో మాల్డెన్ మిల్స్ అనే సంస్థ 1979లో దీన్ని రూపొందించింది. సాధారణ వాతావరణంలో ఉన్ని తన బరువులో సుమారు పదిహేను శాతం తేమను గాలి నుంచి పీల్చుకుంటే, పాలిస్టర్ అర శాతమైనా పీల్చుకోదు. అందుకే ఫ్లీస్ తడిసినా నీరు పోగుల మధ్యనే నిలుస్తుంది. గట్టిగా పిండి విదిలిస్తే చాలావరకు పోతుంది.

దీని బలహీనత ఈదురుగాలి. దుకాణంలోనే బట్టను పెదవులకు ఆనించి గట్టిగా ఊది, అవతలి వైపు అరచేయి పెట్టి చూడండి: మామూలు ఫ్లీస్‌లో ఊపిరి తగులుతుంది. ఇది లోపమే అయినా, ఎత్తు ఎక్కుతూ చెమట పట్టినప్పుడు ఆవిరి బయటకు పోయేదీ ఆ దారినే. గాలిని ఆపేందుకు లోపల పొర అతికించిన వెస్టులు కూడా దొరుకుతాయి గానీ, నడకకు నేను వాటిని ఎంచుకోను. మామూలు ఫ్లీస్ మీద, అవసరమైనప్పుడు, గాలి చొరబడని పలుచని జాకెట్ వేసుకోవడమే మేలు.

వెస్టుకు చేతులు లేకపోవడం వల్ల కదలిక సులువవుతుంది, మొండెం వెచ్చగా ఉంటుంది, శ్రమతో పుట్టిన వేడి చేతుల గుండా పోతుంది. అయితే చంక దగ్గర వదులుగా ఉంటే, చేయి ఊపిన ప్రతిసారీ కొలిమితిత్తిలా వెచ్చని గాలి బయటికి, చల్లని గాలి లోపలికి పోతుంది. మరీ బిగుతైతే నూగు అణిగి, దానిలోని గాలే తగ్గిపోతుంది. లోపల వేసుకోబోయే చొక్కా మీదే తొడిగి, జిప్ పూర్తిగా పెట్టి, రెండు చేతులూ పైకెత్తి చూడాలి. అంచు నడుము దాటి పైకి రాకూడదు.

బట్ట బరువును చదరపు మీటరుకు గ్రాములలో చెబుతారు. సుమారు 100 గ్రాములది పలుచన, 200 మధ్యస్థం, 300 మందం. నడుస్తూ ఉండేవారికి మధ్యస్థం చాలు. ఒకేచోట కూర్చునేవారికి మందపాటిదే నయం. కొనేముందు నూగును బొటనవేలితో కాసేపు గట్టిగా రుద్దితే, త్వరగా ఉండలు కట్టే రకం అక్కడే కొంత బయటపడుతుంది.

ఉతికేటప్పుడు తిరగేసి, చల్లటి నీటిలో, తక్కువ రాపిడితో ఉతకాలి. ఒక్క వస్త్రం నుంచి ఒక్కసారి ఉతికినప్పుడు 1900కు మించి పోగులు నీటిలో కలిసిపోగలవని 2011లో ఒక అధ్యయనం చూపింది. అవి ప్లాస్టిక్ పోగులు. ఇక నెగడు దగ్గర కూర్చునే అలవాటుంటే మరో జాగ్రత్త అవసరం. పాలిస్టర్ సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దాటగానే కరుగుతుంది గనుక, చిన్న నిప్పురవ్వ పడినా చిల్లు పడుతుంది. అక్కడ పైన నూలుదో ఉన్నిదో వేసుకోవాలి.