ఊరికి చెబితే భయపడతారా? రసాయన పరిశ్రమల అత్యవసర ప్రణాళికపై అపోహలు - వాస్తవాలు

రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లకు, కోల్డ్ స్టోరేజీలకు, బల్క్ డ్రగ్ పరిశ్రమలకు ఆన్‌సైట్ ఎమర్జెన్సీ ప్లాన్లు (యూనిట్ లోపల ప్రమాదం జరిగితే ఎవరు ఏం చేయాలో చెప్పే ప్రణాళికలు) తయారుచేయడం, ఉన్నవాటిని సమీక్షించడం నా వృత్తి. ఏ యూనిట్‌కు వెళ్ళినా, ప్రహరీ బయట ఉండే ప్రజలకు ఏం చెప్పాలన్న భాగం దగ్గరికి వచ్చేసరికి యాజమాన్యం నుంచి ఇంచుమించు ఒకే మాట వినిపిస్తుంది: "ఇదంతా ఊళ్ళో చెప్పనక్కర్లేదండీ. చెబితే జనం భయపడతారు, లేనిపోని గొడవలు మొదలవుతాయి." ఈ మాట అనేవారిలో చాలామంది బాధ్యత ఎరిగినవారే, పైసా పైసా కూడబెట్టి యూనిట్ పెట్టుకున్నవారు, రేపు గేటు ముందు ధర్నా జరుగుతుందేమోనని నిజంగానే ఆందోళన పడేవారు. అయినా ఈ రంగంలో నేను వినే అపోహలన్నింటిలోకి ప్రాణాల మీదికి తెచ్చేది ఇదే కనుక దీని గురించే ఎక్కువగా రాస్తాను.

ముందుగా చట్టం సంగతి. చెప్పాలా వద్దా అన్నది యాజమాన్యం ఇష్టానికి వదిలిన విషయం కాదు. భోపాల్ దుర్ఘటన తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణ, ప్రమాద స్వభావాన్ని, నివారణ చర్యలను కార్మికులకే కాక చుట్టుపక్కల నివసించే ప్రజలకు కూడా తెలియజేయాలని స్పష్టంగా చెప్పింది. 1989 నాటి ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నిబంధనల్లో 15వ నిబంధన పూర్తిగా దీనికోసమే ఉంది: పెద్ద ప్రమాదం జరిగితే ప్రభావితమయ్యే ప్రాంతంలోని వారికి ఆ ప్రమాదం ఎలాంటిదో, అప్పుడు ఏం చేయాలో, ఏం చేయకూడదో యజమాని నేరుగా గానీ జిల్లా అధికారుల ద్వారా గానీ ముందే తెలియజేయాలి. 1996లో వచ్చిన రసాయన ప్రమాదాల నిబంధనలు మరో అడుగు ముందుకు వేసి, పారిశ్రామిక ప్రాంతాల్లో ప్రమాదాలను ఎదుర్కొనే స్థానిక క్రైసిస్ గ్రూపులను ఏర్పాటు చేసి, వాటిలో ఫైర్ అధికారితో, పోలీసులతో పాటు ఊరి పెద్దకు, వైద్యులకు, స్థానిక పత్రికా సంపాదకుడికి కూడా చోటు కల్పించాయి. ఊరిని దూరంగా ఉంచాలన్న ఆలోచనే ఈ నిబంధనలకు విరుద్ధం.

చట్టాన్ని పక్కన పెట్టి, చెప్పకపోతే ఏమవుతుందో చూద్దాం. 1984 డిసెంబరు 2వ తేదీ అర్ధరాత్రి దాటాక భోపాల్‌లో మిథైల్ ఐసోసయనేట్ వాయువు బయటికి వస్తున్నప్పుడు, ఊరికి వినిపించే సైరన్‌ను కొద్దిసేపు మోగించి ఆపేశారు. ప్రజలు అనవసరంగా కంగారు పడకూడదన్నది అప్పటి పద్ధతి. కళ్ళు మండుతూ నిద్రలేచిన జనానికి ఆ వాయువు ఏమిటో, ఎటు వెళ్ళాలో తెలియదు. తడిగుడ్డ ముఖానికి కప్పుకోవాలన్న చిన్న మాట కూడా వారికి ఎవరూ ఏనాడూ చెప్పలేదు. 35 ఏళ్ళ తరువాత, 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఆర్.ఆర్. వెంకటాపురం పక్కన ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వ్యాపించినప్పుడు 12 మంది చనిపోయారు. ఆ దుర్ఘటనపై ప్రభుత్వం నియమించిన హై పవర్ కమిటీ తేల్చిన విషయాల్లో నన్ను ఇప్పటికీ కలచివేసేది ఒకటుంది: సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటు ఉండి కూడా దాన్ని వాడలేదు. జనం నిద్రలోంచి లేచి, ఏమీ తెలియకుండా వీధుల్లోకి పరుగెత్తి, దారిలోనే కుప్పకూలారు.

భయం గురించి ఇంకో మాట. పరిశ్రమ పక్కన పదేళ్ళుగా ఉంటున్నవారు కొత్తగా భయపడతారని అనుకోవడం పొరపాటు. వారు ఇప్పటికే భయపడుతున్నారు. రాత్రి గాలి మారినప్పుడు వచ్చే ఘాటు వారికి తెలుసు, అదేమిటో తెలియదు. ఆ తెలియనితనంలోకే వాట్సాప్ సందేశాలు వచ్చి చేరుతాయి. "ట్యాంకు పేలితే పది కిలోమీటర్ల వరకు ఎవరూ మిగలరు" అని ఎవరో పంపిన సందేశాన్ని నాకు చూపించి, పసిబిడ్డను ఎత్తుకుని "నిజమేనా సార్?" అని అడిగిన తల్లికి సమాధానం చెప్పాల్సింది ఆ యూనిట్ యాజమాన్యం, వారు మౌనంగా ఉన్నందువల్లే ఆ పుకారుకు అంత బలం వచ్చింది. ఇలాంటి యూనిట్లలో చల్లదనం కోసం వాడే అమోనియా వాసన హాని చేసే స్థాయికి చాలా ముందే ముక్కుకు తెలుస్తుందని, వాసన వచ్చినంత మాత్రాన ప్రాణాపాయం కాదని, అయితే కళ్ళు మండి దగ్గు మొదలైతే మాత్రం ఆలస్యం చేయకూడదని ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఆమె ఎన్నో రాత్రులు నిశ్చింతగా నిద్రపోయేది.

గోదావరి జిల్లాల్లోని ఒక రొయ్యల యూనిట్ యజమాని, చాలా చర్చ తరువాత, ఊరివారిని పిలిచి చెప్పడానికి ఒప్పుకున్నారు. పంచాయతీ కార్యాలయం అరుగు మీద సమావేశం జరిగింది. యూనిట్‌లో అమోనియా ఎందుకు వాడతారో, ఎంత ఉందో, లీకైతే సైరన్ ఎలా మోగుతుందో వివరించాక ఒక పెద్దావిడ లేచి, "బాబూ, ఆ కూత వినపడితే తలుపేసుకుని లోపలుండాలా, బయటికి పరుగెత్తాలా?" అని అడిగింది. ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్న లేదు. "ఇంట్లో ఉంటే తలుపులు, కిటికీలు మూసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కి, ముక్కుకు తడిగుడ్డ పెట్టుకుని లోపలే ఉండండమ్మా, బయట ఉంటే గాలి వెంబడి కాకుండా గాలికి అడ్డంగా నడిచి పక్కకు తప్పుకోండి, ఊరు ఖాళీ చేయాల్సి వస్తే మైకులో చెబుతారు" అని చెప్పాను. అప్పుడు ఇంకొకాయన, గాలి దిక్కు చూపే విండ్ సాక్ మా వీధి నుంచి చింతచెట్టు అడ్డం వచ్చి కనబడదని చెప్పారు. మంచం పట్టిన వృద్ధులు ఏయే ఇళ్ళలో ఉన్నారో ఆశా కార్యకర్త తన పుస్తకంలోంచి చదివి వినిపించారు. ఈ రెండు సంగతులూ ఆ యూనిట్ ప్లాన్‌లో అప్పటివరకు లేవు. యూనిట్ మూసేయమని ఆ రోజు ఎవరూ అడగలేదు. సైరన్ పరీక్షను నెలలో ఒక నిర్ణీత రోజున చేయమని మాత్రం కోరారు. విండ్ సాక్‌ను తరువాతి వారమే నీళ్ళ ట్యాంకు మీదికి మార్చారు.

అపోహ: "మా దగ్గర సరుకు పరిమితి లోపే ఉంది, ఈ నిబంధనలు మాకు వర్తించవు."

ప్రాణాల మీదికి తెచ్చే అపోహల్లో రెండో స్థానం దీనిదే. 1989 నిబంధనల షెడ్యూలులో, అంటే రసాయనాల జాబితాలో, ఇచ్చిన పరిమాణం దాటితే రాతపూర్వక ఆన్‌సైట్ ప్లాన్ వంటి బాధ్యతలు మొదలవుతాయి, ఇంకా పెద్ద పరిమాణం దాటితే సేఫ్టీ రిపోర్టు అదనంగా వస్తుంది. అంతమాత్రాన పరిమితి లోపు ఉన్న వాయువు ఊపిరితిత్తులను వదిలిపెడుతుందని అర్థం కాదు. క్లోరిన్‌కు ఆ పరిమితి 10 టన్నులు. మన దగ్గర వాడే ఒక్కో టన్నర్‌లో (క్లోరిన్ నింపే పెద్ద సిలిండర్‌లో) 900 కిలోల క్లోరిన్ పడుతుంది కనుక మూడు నాలుగు టన్నర్లు పెట్టుకున్న నీటి శుద్ధి కేంద్రం పరిమితికి చాలా దూరంలో ఉంటుంది. కానీ ఆ ఒక్క టన్నర్ వాల్వు విరిగినా, గాలి కంటే సుమారు రెండున్నర రెట్లు బరువైన ఆ వాయువు నేలబారుగా పల్లంలోని ఇళ్ళ వైపు పాకుతుంది. అందుకే 1989 నిబంధనల్లోని 4వ నిబంధన పరిమాణంతో నిమిత్తం లేకుండా, ప్రమాదాలను గుర్తించాలని, వాటిని నివారించే చర్యలు తీసుకోవాలని, పనివారికి శిక్షణ, రక్షణ సామగ్రి ఇవ్వాలని చెబుతుంది. పైగా ఒకే యజమానికి 500 మీటర్ల లోపు ఉన్న షెడ్లన్నింటిలోని సరుకునూ కలిపి లెక్కించాలి. నిల్వను రెండు షెడ్లకు పంచి పరిమితి తప్పించుకున్నామనుకునేవారు ఈ వాక్యం చదవరు.

జాబితాలో లేని పదార్థం సురక్షితమనుకోవడం కూడా ఇదే కోవలోది. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగి పదుల సంఖ్యలో కార్మికులు చనిపోయిన యూనిట్‌లో తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్, అంటే మనం మింగే మందుబిళ్ళల్లో కలిపే పొడి. మింగితే హాని చేయని ఇలాంటి సన్నని పొడి గాలిలో దట్టంగా లేచి ఒక నిప్పురవ్వ తగిలితే చాలు, పేలుతుంది. మీ దగ్గరున్న ప్రతి పదార్థానికీ దాని ప్రమాదాలు, జాగ్రత్తలు రాసి ఉండే సేఫ్టీ డేటా షీట్ తెప్పించి, దానిలో మండే స్వభావం గురించి ఏముందో చదవండి.

అపోహ: "ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ చేస్తున్నాం, ఫొటోలు కూడా ఉన్నాయి."

ఆరు నెలలకోసారి చేయాలన్నది నిబంధనే. అయితే నేను చూసిన డ్రిల్లులు దాదాపు అన్నీ పగలు పదకొండు గంటలకు, జనరల్ షిఫ్టులో, అందరికీ ముందురోజే చెప్పి చేసినవి. భోపాల్ ప్రమాదం అర్ధరాత్రి జరిగింది, విశాఖ ప్రమాదం తెల్లవారుజామున జరిగింది. మీ ప్లాన్‌లో సైట్ మెయిన్ కంట్రోలర్‌గా, అంటే ప్రమాద సమయంలో మొత్తం బాధ్యత చూసే వ్యక్తిగా రాసిన ప్లాంట్ మేనేజర్ ఆ సమయానికి ఊళ్ళో, ఇంట్లో ఉంటారు. ప్లాంట్‌లో ఉండేది ఒక షిఫ్ట్ ఇన్‌చార్జి, ఇద్దరు ఆపరేటర్లు, కాంట్రాక్టు కూలీలు. ఆ కూలీల్లో చాలామంది ఒడిశా, బిహార్‌ల నుంచి వచ్చినవారు, తెలుగు బోర్డులు చదవలేనివారు. ఏడాదిలో ఒక డ్రిల్లయినా రాత్రి షిఫ్టులో, ముందుగా చెప్పకుండా చేసి, ఎవరు ఎవరికి ఫోన్ చేశారో, అందరూ చేరాల్సిన అసెంబ్లీ పాయింట్ దగ్గర తలల లెక్క ఎన్ని నిమిషాలకు తేలిందో రాసుకోండి. ఆ కాగితం మీ ఫొటోలన్నింటికంటే విలువైనది.

మిగిలిన కొన్నింటిని క్లుప్తంగా చెప్పేస్తాను. ప్రమాదం జరిగితే తెలియజేయడానికి 48 గంటల సమయం ఉందని కొందరంటారు. ఆ గడువు అధికారులకు ఇచ్చే రాతపూర్వక సమాచారానికి సంబంధించినది, సైరన్‌కూ ఫైర్ స్టేషన్‌కు చేసే ఫోన్‌కూ గడువు లేదు. ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) ఉంటే ఎమర్జెన్సీ ప్లాన్ అక్కర్లేదన్నది తప్పు, రెండూ వేర్వేరు. ప్రహరీ బయటి ప్రాంతానికి సంబంధించిన ఆఫ్‌సైట్ ప్లాన్ తయారుచేయాల్సింది జిల్లా యంత్రాంగం, నిజమే. కానీ దానికి కావలసిన వివరాలు ఇవ్వాల్సింది మీరే, ఇవ్వకపోతే ఆ ప్లాన్‌లో మీ యూనిట్ ఖాళీ గడిగానే మిగిలిపోతుంది. ఫ్యాక్టరీల చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది కనుక 1989 నిబంధనలు పోయాయని ఈమధ్య వింటున్నాను. అవి 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చినవి, కార్మిక కోడ్‌తో అవి రద్దు కావు. కార్మికుల బీమా ఉంది కదా అని 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ బీమా తీసుకోనివారు, ఆ చట్టం ప్రహరీ బయటివారి కోసమని గమనించాలి.

పరిశ్రమ పక్కన నివసిస్తూ ఇది చదువుతున్నవారు యాజమాన్యాన్ని గానీ ఆర్డీఓ కార్యాలయాన్ని గానీ రాతపూర్వకంగా అడగవచ్చు, అడగడం మీ హక్కు. అక్కడ ఏ రసాయనం ఉంది, సైరన్ ఎన్ని రకాలుగా మోగుతుంది, ఒక్కోదానికి అర్థమేమిటి, మా వీధివారు లోపల ఉండాలా, ఖాళీ చేయాలా, ఖాళీ చేస్తే ఎక్కడికి, ఆ రసాయనానికి చికిత్స తెలిసిన ఆసుపత్రి దగ్గర్లో ఏది, ప్రమాదం ముగిసిందని ఎవరు ప్రకటిస్తారు. దరఖాస్తు నకలు మీద తప్పకుండా ముద్ర, తేదీ వేయించుకోండి.