క్యూలో వేశాం కదా, అయిపోయినట్టేనా? మెసేజ్ క్యూలపై అపోహలు - వాస్తవాలు

మాది గుంటూరు బ్రాడీపేటలో చిన్న ఆఫీసు. మిర్చి యార్డు కమిషన్ వ్యాపారులకు సాఫ్ట్‌వేర్ రాస్తాం. కాటా పడగానే ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఎంత బరువు, ఏం ధర అన్నది రైతు ఫోనుకు ఎస్సెమ్మెస్ వెళ్లాలి. కాటా దగ్గరి ప్రోగ్రాం ఆ వివరాలను మెసేజ్ క్యూలో వేసి తన పని తాను చూసుకుంటుంది. వెనక వర్కర్ అనే ఇంకో ప్రోగ్రాం ఒక్కొక్కటీ తీసి పంపుతుంది. ఇంతే కథ. కానీ దీని చుట్టూ ఉన్న అపోహలు మాత్రం ఇన్నీ అన్నీ కావు. కొన్ని నేనూ నమ్మినవే.

అపోహ: అసింక్ (ఒక పని ముగిసేదాకా ఆగకుండా ఇంకోటి చూసుకునే పద్ధతి) పెడితే ప్రోగ్రాం స్పీడైపోతుంది.

ఎస్సెమ్మెస్ పంపడానికి రెండు సెకన్లు పడుతుంటే, క్యూ పెట్టాక కూడా రెండు సెకన్లే పడుతుంది. తగ్గేది కాటా దగ్గర గుమాస్తా ఎదురుచూపు. పైథాన్ భాషలో ఇందుకు వాడే అసింక్‌ఐఓ లైబ్రరీతో కొత్తవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. ఫంక్షన్‌కు ముందు అసింక్ అని రాసి, లోపల మామూలు టైమ్ స్లీప్ (కాసేపు ఆగమనే ఆదేశం) పెడతారు. ఆ ఒక్క స్లీప్, పనులన్నిటినీ వంతులవారీగా నడిపే ఈవెంట్ లూప్ మొత్తాన్నీ ఆపేస్తుంది. అవెయిట్ ('ఇది అయ్యేదాకా ఆగుతా' అని చెప్పే మాట) దగ్గర ఆగినప్పుడే ఒక పని పక్కకు జరిగి ఇంకోదానికి దారిస్తుంది.

అపోహ: క్యూలో పడితే భద్రంగా ఉన్నట్టే.

అసింక్‌ఐఓ క్యూ, గో భాషలోని ఛానెల్, ఎర్లాంగ్ భాషలోని మెయిల్‌బాక్స్ అన్నీ మెమరీలో ఉండేవే. ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) చస్తే అందులో ఉన్నవీ పోతాయి. రాబిట్‌ఎంక్యూ లాంటి బ్రోకర్ (మెసేజ్‌లను దాచి వర్కర్లకు అందించే ప్రోగ్రాం) పెట్టినా, అందులోని క్లాసిక్ రకం క్యూను డ్యూరబుల్ (రీస్టార్ట్ అయినా ఉండేది) అని ప్రకటిస్తే సరిపోదు, మెసేజ్‌ను కూడా పర్సిస్టెంట్‌గా (డిస్క్‌లో రాసుకునేలా) పంపాలి. లేదంటే రీస్టార్ట్ అయ్యాక గోడౌన్ ఉంటుంది, సరుకుండదు.

అపోహ: ఒక మెసేజ్ ఒక్కసారే అందుతుంది.

ఒక మార్చి నెలలో, సీజన్ మంచి ఊపు మీదున్నప్పుడు, ఓ వ్యాపారి ఫోన్ చేశారు. "ఏం బాబూ, నలభై టిక్కీలు తెచ్చిన రైతుకు నలభై, మళ్లీ నలభై అని రెండు మెసేజులు పోయినయ్యంట. ఎనభైకి డబ్బులిమ్మని నా కొట్లో కూర్చున్నాడు."

లాగ్స్ తీసి చూస్తే విషయం తేలింది. వర్కర్ ఎస్సెమ్మెస్ పంపేసింది. 'పని అయింది' అని బ్రోకర్‌కు అక్నాలెడ్జ్ చేసే లోపే నెట్ పోయింది. కనెక్షన్ తెగిందని బ్రోకర్ ఆ మెసేజ్‌ను తిరిగి క్యూలో పెట్టి, రెండో వర్కర్‌కు ఇచ్చింది. అది మళ్లీ పంపింది. బ్రోకర్ తప్పేం లేదు, పని జరిగిందో లేదో దానికెలా తెలుస్తుంది? పోనీ ముందే అక్నాలెడ్జ్ చేసి తర్వాత పంపుదామా అంటే, మధ్యలో వర్కర్ పడిపోతే మెసేజ్ గల్లంతే. రెండుసార్లు రావడమా, అసలు రాకపోవడమా? ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. మేం మొదటిదే ఎంచుకున్నాం.

ఆ తర్వాత ప్రతి మెసేజ్‌కూ కాటా చీటీ నంబరు తగిలించాం. వర్కర్ ముందు డేటాబేస్‌లో చూస్తుంది, ఆ నంబరుకు పంపేసి ఉంటే వదిలేస్తుంది. అయినా పంపడానికీ, రాసుకోవడానికీ మధ్య చిన్న సందు మిగిలే ఉంటుంది. ఎస్సెమ్మెస్ విషయంలో దాన్ని భరించొచ్చు. రైతు ఖాతాలో జమ రాసేటప్పుడు భరించలేం. అందుకే అక్కడ జమ, చీటీ నంబరు రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో (అయితే రెండూ, లేదంటే ఏదీ పడకుండా) రాస్తాం, చీటీ నంబరు మీద యునీక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే నంబరు రెండోసారి పడనివ్వని నియమం) ఉంటుంది. రెండోసారి వస్తే డేటాబేసే తిప్పికొడుతుంది.

అపోహ: వేసిన వరుసలోనే పనవుతుంది.

వర్కర్ ఒక్కటే ఉంటే సరే. నాలుగుంటే వరుసగా మొదలవుతాయి కానీ వరుసగా ముగియవు. ఎర్లాంగ్‌లో కూడా ఒక ప్రాసెస్ నుంచి ఇంకో ప్రాసెస్‌కు పంపినవాటికే వరుస గ్యారంటీ. కాఫ్కా అనే ఇంకో మెసేజ్ సిస్టమ్‌లో అయితే ఒక పార్టిషన్ (మెసేజ్‌లను పంచి పెట్టే ఒక భాగం) లోపలే.

అపోహ: క్యూకి హద్దు లేకపోతేనే మంచిది.

అసింక్‌ఐఓ క్యూలో మాక్స్‌సైజ్ (ఎన్ని మెసేజ్‌లు పట్టాలన్నది) చెప్పకపోతే సున్నా అనుకుంటుంది. సున్నా అంటే ఇక్కడ ఖాళీ కాదు, హద్దు లేదని అర్థం. వర్కర్ వెనకబడితే మెమరీ నిండేదాకా పెరుగుతూనే ఉంటుంది. మన యార్డునే చూడండి. సరుకు పేరుకుపోతే సెలవు ప్రకటించి, ఉన్నది కదిలేదాకా కొత్త లారీలు తేవద్దంటారు. రైతుకు ఇబ్బందే, కానీ యార్డులో కాలు పెట్టే చోటుంటుంది. మాక్స్‌సైజ్ ఐదొందలు పెడితే, నిండగానే పుట్ (క్యూలో వేసే ఆదేశం) దగ్గర అవెయిట్ ఆగిపోతుంది, పంపేవాడు తనంతట తనే నెమ్మదిస్తాడు. గో భాషలో ఛానెల్‌కు సైజు ఇవ్వకపోతే దీనికి పూర్తిగా ఉల్టా. తీసుకునేవాడు సిద్ధమయ్యేదాకా పంపేవాడు నిలబడాల్సిందే. ఒకటి నేర్చుకుని రెండోదానికి మారినవాళ్లు ఇక్కడ కచ్చితంగా తికమకపడతారు.

ఇక కాఫ్కా లేకపోతే అది సీరియస్ సిస్టమే కాదనేవాళ్లూ ఉన్నారు. బ్రోకర్ పెట్టకముందు మా క్యూ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక టేబుల్ మాత్రమే. 9.5 వెర్షన్ నుంచి ఉన్న స్కిప్ లాక్డ్‌తో (ఇంకొకరు పట్టుకున్నదాన్ని దాటేసే సౌకర్యం) వర్కర్లు టేబుల్‌లో ఒకటి తీసుకున్న రోను ఇంకోటి ముట్టుకోకుండా తీసుకునేవి. ఓ సీజనంతా దాంతోనే నెట్టుకొచ్చాం.