మంత్రికీ ప్రజలకూ మధ్య ఒక వైద్యుడు

2020లో లండన్‌లో ప్రధానమంత్రి పక్కన నిలబడి కోవిడ్ గ్రాఫులను వివరించిన ప్రొఫెసర్ క్రిస్ విట్టీని టీవీలో చూసినవారికి, ఆంక్షలు విధిస్తున్నది ఆయనేనని అనిపించి ఉండవచ్చు. ఇంగ్లండ్ ముఖ్య వైద్యాధికారికి ఆ అధికారం లేదు. సలహా ఆయనది, నిర్ణయం మంత్రులది. అయితే ఆ సలహాను మంత్రికి చెప్పి ఊరుకోవాలా, ప్రజల ముందూ పెట్టాలా అన్న పేచీ ఈ పదవి పుట్టుకతోనే ఉంది.

1848లో, కలరా భయం కమ్ముకున్న రోజుల్లో, సిటీ ఆఫ్ లండన్ పాలకులు జాన్ సైమన్ అనే శస్త్రవైద్యుణ్ణి ఆరోగ్యాధికారిగా నియమించారు. (మనం 'గో బ్యాక్' అన్న సైమన్ వేరు.) ఇళ్ల అడుగున పొంగిపొర్లే మలగుంటల గురించీ, నివాసాల మధ్యనే శవాలను పూడ్చడం గురించీ ఆయన దాపరికం లేకుండా రాసిన నివేదికలు అచ్చయి ప్రజలకు చేరాయి. 1855లో ప్రభుత్వానికి తొలి ముఖ్య వైద్యాధికారి అయ్యారు. కానీ 1871లో ఆరోగ్య వ్యవహారాలను స్థానిక పాలన మండలిలో కలిపేయడంతో, ఆయన మాట మంత్రిని చేరాలంటే వైద్యం తెలియని కార్యదర్శులను దాటుకుని వెళ్లాల్సి వచ్చింది. 1876లో ఆయన తప్పుకున్నారు.

సలహాదారు గొంతు ప్రభుత్వ గొంతులో కలిసిపోతే ఏమవుతుందో, పశువుల మెదడును దెబ్బతీసే పిచ్చి ఆవుల వ్యాధి చూపించింది. గొడ్డుమాంసం అందరూ నిర్భయంగా తినవచ్చని 1990 మేలో అప్పటి ముఖ్య వైద్యాధికారి డొనాల్డ్ ఆచిసన్ ప్రకటించారు. 1996 మార్చి 20న ఆరోగ్య మంత్రి స్టీఫెన్ డోరెల్ పార్లమెంటులో లేచి, 10 మందిలో బయటపడిన కొత్త మెదడు వ్యాధికి ఆ పశువుల జబ్బే కారణమై ఉండే అవకాశం ఎక్కువని చెప్పారు. ప్రభుత్వం అబద్ధమాడలేదు గానీ, జనం బెదిరిపోతారేమోనన్న జంకుతోనే నడుచుకుందని ఈ వ్యవహారంపై జరిగిన ఫిలిప్స్ విచారణ 2000లో తన నివేదికలో తేల్చింది. నన్ను అడిగితే, అబద్ధం కన్నా ఆ జంకే ఎక్కువ చేటు చేసింది.

ఆ తర్వాత ముఖ్య వైద్యాధికారి అయిన లియామ్ డొనాల్డ్‌సన్ అందుకు భిన్నమైన దారి పట్టారు. నలుగురూ పనిచేసే, కూర్చునే మూసిన చోట్ల పొగతాగడాన్ని నిషేధించాలని 2003లో వార్షిక నివేదికలోనే అచ్చువేశారు. ప్రభుత్వం కొన్ని పబ్బులను మినహాయించబోతే, రాజీనామా ఆలోచన కూడా చేశానని 2005లో పార్లమెంటు కమిటీ ముందు చెప్పారు. ఆయన పదవిలోనే ఉన్నారు. 2006 ఫిబ్రవరిలో పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ ఆ మినహాయింపును తోసిపుచ్చింది. 2007 జూలై 1 నుంచి ఇంగ్లండ్ పబ్బుల్లో సిగరెట్లు ఆరిపోయాయి.