యుద్ధం నీడలో గడిచిన బాల్యం, శిల్పం: అపోహలు - వాస్తవాలు

కళాకారుల బాల్యం తెలిస్తే శిల్పం అర్థమైపోయినట్లేనన్నది, సందర్శకులకు శిల్పాలను పరిచయం చేసే పనిలో నాకు తరచుగా ఎదురయ్యే అపోహ. పోలండ్‌లో 1930లో జన్మించిన శిల్పి మగ్దలేనా అబకానోవిచ్ పదమూడేళ్ల వయసులో, అంటే 1943లో, జర్మన్ సైనికులు ఇంటికి వచ్చి కాల్పులు జరపడంతో ఆమె తల్లి కుడిచేతిని కోల్పోయారు. ఈ సంగతి ముందే చెబితే, ఆమె మలచిన తలలేని మూర్తులన్నింటిలోనూ చాలామందికి ఆ తల్లి తప్ప మరేమీ కనిపించదు.

వాస్తవానికి 1976 నుంచి 1980 వరకు ఆమె రూపొందించిన ‘వీపులు’ మరెన్నో విషయాలు చెబుతాయి. గోనెపట్టను గట్టిపడే జిగురులాంటి రెజిన్‌తో గట్టిపరిచి, మనిషి వీపు నుంచి తీసిన అచ్చుతో చేసిన ఈ 80 మూర్తులు వెనుక నుంచి వంగి కూర్చున్న జనంలా కనిపిస్తాయి. ముందుకు వెళ్లి చూస్తే అంతా డొల్ల. ఇది నాజీల ఆష్విట్జ్ నిర్బంధ శిబిరమా, పెరూలోని మతకర్మా, బాలి నృత్యమా అని అడిగినవారందరికీ అవుననే చెప్పగలనని ఆమే అన్నారు. అందుకే సందర్శకులు శిల్పం చుట్టూ తిరిగి చూసిన తరువాతే నేను జీవితకథ చెబుతాను. షికాగో గ్రాంట్ పార్కులో 2006లో నెలకొల్పిన ఆమె శిల్పసమూహం ‘అగోరా’ విషయంలో ఇది మరీ అవసరం. దాదాపు తొమ్మిదడుగుల ఎత్తున్న ఆ 106 ఇనుప మూర్తుల నడుమ నడిచినప్పుడు ఒకరికి తోడు దొరికినట్లు, మరొకరికి తప్పిపోయినట్లు అనిపించవచ్చు. కథ ముందే వింటే ఆ తేడా బయటికి రాదు.

యుద్ధ జ్ఞాపకమంటే ఆయుధాలో, భయమో కనిపించి తీరాలన్నది మరో అపోహ. అంతర్యుద్ధం నడుమ పెరిగిన మొజాంబిక్ కళాకారుడు గొన్సాలో మబుండా నిజంగానే పనికిరాకుండా చేసిన తుపాకులతో సింహాసనాలు, ముఖాకృతులు చేస్తారు, కానీ వాటిలో భయంకన్నా చమత్కారమే ముందు కనిపిస్తుంది. జర్మనీలో 1945లో పుట్టిన కళాకారుడు అన్సెల్మ్ కీఫర్‌కు శిథిలాల ఇటుకలే ఆటవస్తువులు. పిల్లల జ్ఞాపకంలో ఆట కూడా ఉంటుందన్న ఈ సంగతిని మనం ఎందుకో సులభంగా ఒప్పుకోము.

కన్నీళ్లు రాకపోతే స్పందించనట్లేనన్న మాటకు పెద్దగా వివరణ అవసరం లేదు. గోనెపట్ట ముడత ఎక్కడ చర్మంలా కనిపిస్తోందో వేలుపెట్టి చూపించిన సందర్శకుడూ స్పందించినట్లే. ఆయనను తరువాతి ప్రశ్నకు నడిపించడమే నా పని.