అరవై ఏళ్ళ ఇల్లు కూడా చరిత్రేనా? ఐక్లర్ కాలనీల మీద అపోహలు - వాస్తవాలు

కాలిఫోర్నియా సన్నీవేల్‌లో ఐక్లర్ ఇల్లు, అంటే జోసెఫ్ ఐక్లర్ అనే బిల్డర్ కట్టిన ఇల్లు, కొన్న ఒక జంట నన్ను పిలిచారు. మనవాళ్ళే. గుంటూరు నుంచి వాళ్ళ నాన్నగారు వచ్చి ఉన్నారు. నేను వెళ్ళేసరికి ఆయన రోడ్డు మీద నిలబడి ఇంటిని చూస్తున్నారు. "ఏమ్మా, వీధివైపు ఒక్క కిటికీ లేదు. గోదాములా ఉంది. దీన్ని మార్చకూడదని మీరు పుస్తకాలు రాస్తారటగా?" అన్నారు. లోపలికి వెళ్ళాం. వీధి తలుపు తీయగానే నడిమధ్యన ఆకాశం కనబడే ఏట్రియం, దాని చుట్టూ గదులు. ఆయన చెప్పులు విప్పుతూ, "ఇది మండువా కదమ్మా!" అన్నారు. మా సభల్లో నేను అరగంట స్లైడ్లు వేసి చెప్పేది అదే.

నా పని పాత ఇళ్ళ పరిరక్షణ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కట్టిన కాలనీలకు డిజైన్ గైడ్‌లైన్స్, అంటే ఇళ్ళ రూపం చెడకుండా ఎలా మార్చుకోవచ్చో చెప్పే సూచనలు, రాయడంలోనే ఎక్కువ కాలం గడిచింది. ఈ మధ్య సభలకు తెలుగువాళ్ళు బాగా వస్తున్నారు, అడిగే ప్రశ్నలు మాత్రం అవే. అందుకే ఇది.

అపోహ: అరవై ఏళ్ళకే చరిత్ర ఏమిటి? తాజ్‌మహలా, చార్మినారా?

అమెరికాలో 1966 నాటి జాతీయ పరిరక్షణ చట్టం కింద నేషనల్ రిజిస్టర్ అని ఒక జాబితా ఉంది. అందులో చేరడానికి మామూలు కొలత యాభై ఏళ్ళు. ఆ గీత ఏటా తనంతట తానే ఒక ఏడాది ముందుకు జరుగుతుంది. చట్టం వచ్చినప్పుడు 1916 దగ్గరున్న గీత ఇప్పుడు 1970లను దాటుతోంది. అసాధారణ ప్రాముఖ్యం ఉంటే యాభై కూడా నిండనక్కర్లేదు. కొలరాడోలో డెన్వర్ పక్కన ఎంగిల్‌వుడ్‌లోని అరాపహో ఏకర్స్ 1949 - 57 మధ్య కట్టిన కాలనీ. 1998లోనే రిజిస్టర్లోకి ఎక్కింది. అప్పటికి కొన్ని ఇళ్ళకు నలభై ఒక్క ఏళ్ళే.

అయినా వయసు ఒక్కటే చాలదు. జోసెఫ్ ఐక్లర్ ఆర్కిటెక్ట్ కాదు, బిల్డర్. ఆన్షెన్ అండ్ ఆలెన్, జోన్స్ అండ్ ఎమన్స్, క్లాడ్ ఓక్‌లాండ్ లాంటి ఆర్కిటెక్టుల చేత గీయించి, సుమారు 11 వేల ఇళ్ళు కట్టాడు. ఎక్కువ భాగం శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలోనే. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది ఇంకొకటి. నల్లజాతివారికి ఇల్లు అమ్మకపోవడమే వ్యాపార మర్యాదగా చెలామణీ అయిన రోజుల్లో అతను డబ్బున్న ఎవరికైనా అమ్మాడు. వివక్ష వద్దనే విధానాన్ని జాతీయ గృహనిర్మాతల సంఘం బలపరచలేదని 1958లో అందులోంచి బయటికి వచ్చేశాడు. ఈ వీధుల్లో ఇవాళ మన పేర్లున్న మెయిల్‌బాక్సులు చూసినప్పుడల్లా నాకు ఆ ఏడాది గుర్తొస్తుంది.

అపోహ: హిస్టారిక్ డిస్ట్రిక్ట్ అయితే మేకు కొట్టాలన్నా పర్మిషన్ కావాలి

ముందు ఒక మాట. ఇక్కడ డిస్ట్రిక్ట్ అంటే జిల్లా కాదు. చరిత్ర ఉందని గుర్తించిన ప్రాంతం; నాలుగు వీధులు కావచ్చు, యాభై ఇళ్ళు కావచ్చు.

నేషనల్ రిజిస్టర్ ఒక గౌరవం. మీ సొంత డబ్బుతో మీ ఇల్లు మార్చుకుంటుంటే ఫెడరల్ ప్రభుత్వం అడ్డురాదు, పడగొట్టినా సరే. ఆంక్షలు వచ్చేది సిటీ లేక కౌంటీ చేసే స్థానిక చట్టం, అంటే ఆర్డినెన్స్, నుంచి. వర్జీనియాలోని హాలిన్ హిల్స్ దీనికి మంచి ఉదాహరణ. ఆర్కిటెక్ట్ చార్లెస్ గుడ్‌మన్ గీసిన ఆ కాలనీ 2013లో రిజిస్టర్లో చేరింది. ఇంటి బయటి మార్పులను పరిశీలించే అధికారం ఫెయిర్‌ఫాక్స్ కౌంటీకి వచ్చింది మాత్రం 2022లో, స్థానికంగా హిస్టారిక్ ఓవర్లే (మామూలు నిబంధనల పైన అదనంగా వేసే పరిరక్షణ నిబంధన) పెట్టుకున్నాకే. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో గ్రీన్ గేబుల్స్, గ్రీన్‌మెడో అనే ఐక్లర్ కాలనీలు 2005లో నేషనల్ రిజిస్టర్లో చేరాయి. ఆ సిటీ 2018లో ఐక్లర్ కాలనీలకు గైడ్‌లైన్స్ తెచ్చినా వాటిని స్వచ్ఛందంగానే ఉంచింది. కాలిఫోర్నియాలో ఒక మెలిక ఉంది: జాతీయ జాబితాలో ఉన్నది రాష్ట్ర జాబితాలోకి దానంతటదే వస్తుంది. కాబట్టి సిటీ విచక్షణ మీద ఆధారపడిన పర్మిట్లకు పర్యావరణ సమీక్షలో అది లెక్కలోకి వస్తుంది. ఇల్లు కొనేముందు "రిజిస్టర్లో ఉందా?" అని అడిగి ఊరుకోకండి, "సిటీ ఆర్డినెన్స్ ఏముంది?" అని కూడా అడగండి. హెచ్ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) నిబంధనలు వేరే కథ. అవి మీ దస్తావేజుతో వచ్చే ప్రైవేటు ఒప్పందం, దానికీ మాకూ సంబంధం లేదు.

కఠినమైన ఆర్డినెన్స్ ఉన్నచోట కూడా సాధారణంగా చూసేది వీధిలోంచి కనబడే బయటి భాగాన్నే. వంటగది మీది. పూజగది మీది. ఏట్రియంలో తులసికోట పెట్టుకోవచ్చా అని ఆ నాన్నగారు అడిగారు. దానికి ఏ ఫారమూ అక్కర్లేదు. పోపు ఘాటు పోయే చిమ్నీ గొట్టం దగ్గర మాత్రం కాస్త ఆలోచించాలి. ఈ ఇళ్ళకు అటక ఉండదు, లోపల సీలింగ్‌గా కనబడే చెక్కే పైకప్పు. గొట్టం నేరుగా కప్పు మీదికి వస్తుంది కాబట్టి వెనకవైపు, పొట్టిగా పెట్టమంటాం.

అపోహ: గైడ్‌లైన్స్ అంటే కమిటీవాళ్ళ అభిరుచి

సరిగ్గా రాయకపోతే అంతే. ఒప్పుకుంటాను.

పని మొదలయ్యేది నడకతో. ప్రతి ఇంటినీ వీధిలోంచి ఫొటో తీస్తాం, పాత పర్మిట్లు తిరగేస్తాం. కాలనీకి ప్రాముఖ్యం ఉన్న సంవత్సరాలు ఇవీ అని నిర్ణయిస్తాం. ఆ కాలపు రూపం నిలిచిన ఇల్లు "కాంట్రిబ్యూటింగ్", పోయినది "నాన్ కాంట్రిబ్యూటింగ్". ఆ తర్వాత ఏవి పోతే ఈ వీధి ఈ వీధి కాకుండా పోతుందో ఆ జాబితా రాస్తాం. ఐక్లర్ వీధిలో అవి: వాలు తక్కువగా సాగే కప్పు, గోడ దాటి బయటికి వచ్చే దూలాలు, నిలువు గాడుల చెక్క పలకలు, మూసి ఉన్న ముందు ముఖం, కప్పు కింద సన్నటి అద్దాల పట్టీ.

అసలు కష్టం వాక్యంలో ఉంటుంది. "గ్యారేజీ తలుపు ఇంటి శైలికి తగినట్టు ఉండాలి" అని రాస్తే పది మంది పది రకాలుగా చదువుతారు. అక్కడే కమిటీ అభిరుచి దూరుతుంది. "గ్యారేజీ తలుపు మీద పక్క గోడకున్న నిలువు గాడులే ఉండాలి. గళ్ళ ప్యానెళ్ళు, వంపు కిటికీలు వద్దు" అని రాస్తే ఇంటాయనకూ, కాంట్రాక్టరుకూ, కౌంటర్లో కూర్చున్న క్లర్కుకూ ఒకటే అర్థం. దాని కింద కారణం కూడా రాయాలి: ఈ ఇళ్ళలో వీధివైపు ముఖంలో పెద్ద భాగం గ్యారేజీదే, అది మారితే ముఖం మారినట్టే.

మొదట్లో నేనూ తప్పు రాశాను. "కప్పు అంచు మందం మార్చరాదు" అని ఒక ముసాయిదాలో పెట్టాను. అటక లేని ఇంటికి ఇన్సులేషన్ వేయాలంటే కప్పు పైనే వేయాలి, అంచు లావెక్కుతుంది. అంటే నేను జనాన్ని చలిలో కూర్చోమన్నాను. ఒక రూఫర్ సభలో లేచి ఆ మాట అనేదాకా నాకు తట్టలేదు. తర్వాతి ముసాయిదాలో, అదనపు మందం అంచు నుంచి వెనక్కి మొదలై క్రమంగా పెరగాలని మార్చాం. కింద నుంచి చూసేవాళ్ళకు పాత సన్నటి గీతే కనబడుతుంది.

మరో జబ్బు, పందొమ్మిదో శతాబ్దపు విక్టోరియన్ ఇళ్ళకు రాసిన పుస్తకాన్ని కాపీ కొట్టడం. ముందు వరండా స్తంభాలు, చెక్కడపు పని అని పేజీలకు పేజీలు ఉంటాయి. ఇక్కడ వరండా స్తంభాలెక్కడివి? ఈ ఇళ్ళ సామగ్రి ప్లైవుడ్డు, అల్యూమినియం చట్రాలు, ఫ్యాక్టరీ సరుకు. కొన్ని పలకల డిజైన్లు ఇప్పుడు ప్రత్యేకంగా కోయించుకోవాల్సిందే. పాడైన భాగాన్ని బాగుచేయాలి, కుదరకపోతే అదే రూపంలో కొత్తది వేయాలి అని ఫెడరల్ ప్రమాణాలు చెబుతాయి. కొత్తగా కలిపే గది పాతదానికి నప్పాలి, కానీ పాతదిలా నటించకూడదు అని కూడా అవే చెబుతాయి.

చెట్లూ చేమలూ వదిలేయడం ఇంకో తప్పు. హాలిన్ హిల్స్‌లో ఇళ్ళు రోడ్డుకు సమాంతరంగా ఉండవు, నేల వాలును బట్టి ఏటవాలుగా తిరిగి ఉంటాయి. స్థలాలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయినట్టుంటాయి. అక్కడ ప్రహరీ కట్టడం ఇల్లు మార్చడం కంటే పెద్ద మార్పు. లాస్ ఏంజెలెస్‌లో గ్రెగరీ ఐన్ గీసిన మార్ విస్టా కాలనీలో 52 ఇళ్ళే, కానీ తోటల పథకం గారెట్ ఎక్బో వేసింది. ఆ వీధి చెట్లు తీసేస్తే మిగిలేది సగమే.

అపోహ: నా స్థలంలో నేను పైన ఒక అంతస్తు వేసుకుంటే ఎవరికి నష్టం?

నిజంగా గొడవ అయ్యేది ఇక్కడే. పైగా మన ఇళ్ళలో అమ్మానాన్నలు ఆరు నెలలు వచ్చి ఉంటారు, గది కావాలి. ఆ అవసరాన్ని నేను తేలిగ్గా తీసుకోను.

కానీ ఐక్లర్ ఇల్లు ఎలా పనిచేస్తుందో చూడండి. వీధివైపు మూసేసి, వెనకవైపు నేల నుంచి కప్పు దాకా అద్దం పెట్టాడు. హాలూ పెరడూ ఒకే గదిలా ఉంటాయి. కర్టెన్లు లేకుండా బతకొచ్చు. ఎందుకంటే చుట్టూ అందరివీ ఒక అంతస్తే, మధ్యలో కంచె. అంటే నా అద్దం గోడకు రక్షణ పక్కింటివాళ్ళ కప్పు ఎత్తు. ఒకరు పైన గది వేసి వెనక్కి కిటికీ పెడితే, చుట్టూ మూడు నాలుగు ఇళ్ళలో మర్నాడే బ్లైండ్లు దిగుతాయి. ఆ ఇళ్ళలో ఎవరూ ఏమీ మార్చలేదు, అయినా అవి అద్దాల ఇళ్ళుగా ఉండటం మానేశాయి. మేం ఒక్క ఇంటిని కాకుండా మొత్తం కాలనీని ఎందుకు పట్టుకుంటామో దీనికంటే బాగా నేను చెప్పలేను.

ఇంజనీరింగ్ సంగతీ ఉంది. దూలాలు, స్తంభాల చట్రం ఒక అంతస్తు లెక్కకు కట్టింది. కింద కాంక్రీటు పలకలో ఇంటిని వెచ్చబరిచే వేడినీటి గొట్టాలున్నాయి. పైన అంతస్తు అంటే చాలాసార్లు పడగొట్టి కట్టడమే. వెనక్కి ఒక అంతస్తులోనే గది పెంచుకోవడం చవక, పర్మిట్ కూడా సులువు. పై అంతస్తుకు అనుమతి ఉన్న కాలనీలో మేం రాసేది: కిటికీ కింది అంచు కంటి ఎత్తుకు పైన ఉండాలి, పక్కవాళ్ళ పెరటివైపు బాల్కనీ వద్దు.

సన్నీవేల్, పాలో ఆల్టోలలో కొన్ని వీధులకు "సింగిల్ స్టోరీ" జోనింగ్ ఉంది, అంటే ఒక అంతస్తే కట్టాలనే సిటీ నియమం. చాలామంది దాన్నే హిస్టారిక్ అనుకుంటారు. కాదు. అది ముఖ్యంగా చూసేది అంతస్తు, ఎత్తులనే. దాని కింద పాత ఇల్లు పడగొట్టి పెంకుల కప్పు, తోరణాల గుమ్మంతో ఒకే అంతస్తు ఇల్లు కట్టుకున్నా చెల్లుతుంది. అది ఆపాలంటే సన్నీవేల్ 2009లో చేసినట్టు విడిగా ఐక్లర్ గైడ్‌లైన్స్ ఉండాలి, లేక కూపర్టినోలోలా జోనింగ్‌లోనే ఐక్లర్ నిబంధన పెట్టాలి.

అపోహ: సోలార్ పెట్టనివ్వరు, డబుల్ గ్లాస్ వేయనివ్వరు

కాలిఫోర్నియాలో 1978 నుంచే సోలార్ హక్కుల చట్టం ఉంది, అందం పేరు చెప్పి సోలార్‌ను ఆపడం కుదరదు. వాలు తక్కువ ఉన్న కప్పు మీద పలకలను తక్కువ వాలులో, అంచుకు దూరంగా పెడితే వీధిలోంచి కనబడవు కూడా. డబుల్ గ్లాస్ వేసుకోండి, చట్రం లావు పెంచకండి. ప్లంబర్‌ను మాత్రం ఆ కాంక్రీటు నేలకు ఊరికే డ్రిల్లు పెట్టనివ్వకండి. ముందు థర్మల్ కెమెరాతో గొట్టాలు ఎక్కడున్నాయో చూపించమనండి.

అపోహ: రేటు పడిపోతుంది

రేటు గురించి నేను జోస్యం చెప్పను. పన్ను గురించి చెప్పగలను. కాలిఫోర్నియాలో 1972 నాటి మిల్స్ చట్టం కింద, సిటీ ఆ పథకంలో చేరి ఉంటే, ఇంటిని చూసుకుంటామని కనీసం పదేళ్ళ ఒప్పందం రాసి ఆస్తిపన్ను తగ్గించుకోవచ్చు. కొన్నప్పటి ధరను బట్టి పన్ను లెక్కగట్టే 1978 నాటి ప్రొపోజిషన్ 13 వల్ల పాత ఓనర్ల పన్ను ఎలాగూ తక్కువే. కాబట్టి ఇది ఎక్కువగా కలిసొచ్చేది ఈ మధ్య పెద్ద ధరకు కొన్నవాళ్ళకు, అంటే మనలో చాలామందికి. ఫెడరల్ 20 శాతం పన్ను రాయితీ అద్దెకో వ్యాపారానికో వాడే, ఆదాయం తెచ్చే కట్టడాలకే, సొంతంగా ఉండే ఇంటికి రాదు.

అపోహ: ఇదంతా కొత్త ఇళ్ళు రాకుండా ఆపే ఎత్తు

ఇది పూర్తి అపోహ కాదు. ఒక ఇంటి స్థలాన్ని రెండుగా చీల్చి ఇళ్ళు కట్టుకోనిచ్చే కాలిఫోర్నియా ఎస్‌బీ 9 చట్టం 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది. హిస్టారిక్ డిస్ట్రిక్టులకు అందులో మినహాయింపు ఉంది. దాంతో నిన్నటిదాకా తమ వీధి ఎవరు గీశారో తెలియనివాళ్ళకు కూడా చరిత్ర మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పెరట్లో కట్టుకునే చిన్న ఇళ్ళకు మాత్రం, అంటే ఏడీయూలకు, డిస్ట్రిక్ట్ అయినా దారి మూసేయడానికి రాష్ట్ర చట్టం ఒప్పుకోదు. ఒకే అంతస్తులో, వెనకవైపు, తక్కువ వాలు కప్పుతో ఏడీయూ ఎలా కట్టాలో గైడ్‌లైన్స్‌లోనే బొమ్మ వేసి చూపించాలని నేను పట్టుబడతాను.

ఆ రోజుల్లో ఒక కాలనీ సంఘం నన్ను పిలిచింది. తొందరగా డిస్ట్రిక్ట్ చేయించమన్నారు. రెండు శనివారాలు ఇల్లిల్లూ తిరిగి చూశాను. సగానికి పైగా ఇళ్ళు అప్పటికే ముందు ముఖం మార్చేసుకున్నాయి, నన్ను పిలిచినాయన ఇంటితో సహా. ఇక్కడ డిస్ట్రిక్ట్ నిలబడదని రాసిచ్చాను. మళ్ళీ ఫోన్ రాలేదు.